డెట్రాయిట్ నడిబొడ్డున హడ్సన్స్ ఎలా ఖాళీ అయింది

1983 జనవరి 17న డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఉన్న జె.ఎల్. హడ్సన్ కంపెనీ పెద్ద దుకాణం మూతపడింది. 25 అంతస్తుల ఎత్తు, దాదాపు 22 లక్షల చదరపు అడుగులు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా దానికి పేరు. విస్తీర్ణంలో అమెరికాలో దాన్ని మించింది న్యూయార్క్‌లోని మేసీస్ ఒక్కటే. అంత దుకాణం ఎందుకు మూసేశారని అక్కడివాళ్లను అడిగితే ఎక్కువగా రెండు జవాబులు వస్తాయి. 1967 అల్లర్ల తర్వాత జనం ఊరు వదిలేశారని కొందరంటారు. శివార్లలో మాల్స్ వచ్చి దాని వ్యాపారం లాగేసుకున్నాయని ఇంకొందరంటారు.

రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ తేదీలు వరసగా పెట్టుకుని చూస్తే రెండూ నిలబడవు. డెట్రాయిట్ శివారులో మొదటి పెద్ద షాపింగ్ సెంటర్ నార్త్‌లాండ్ 1954లోనే తెరిచారు, అంటే అల్లర్లకు 13 ఏళ్ల ముందు. దాన్ని కట్టించింది హడ్సన్స్ కంపెనీయే. తన డౌన్‌టౌన్ దుకాణం మహా జోరుగా నడుస్తున్న రోజుల్లో, తన డబ్బుతో, తన పేరు పెట్టుకున్న దుకాణాన్ని మధ్యలో నిలబెట్టి కట్టించింది. బాగా నడుస్తున్న దుకాణానికి యజమానే పోటీ ఎందుకు పెట్టుకున్నాడన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే ఆ దుకాణం లోపల డబ్బు ఎలా తిరిగేదో, బయట ఊళ్లో ఇళ్లు ఎవరికి ఎలా దక్కాయో రెండూ చూడాలి.

జోసెఫ్ లోథియన్ హడ్సన్ 1846లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం అట్లాంటిక్ దాటి ముందు కెనడాకు, తర్వాత మిషిగన్‌కు వచ్చింది. తండ్రితో కలిసి అయోనియా అనే చిన్న ఊళ్లో బట్టల కొట్టు నడిపాడు. 1873 ఆర్థిక సంక్షోభంలో అప్పులు పెరిగి, 1876లో దివాలా తీశాడు. డెట్రాయిట్ వచ్చి కొన్నాళ్లు మరొకరి బట్టల దుకాణంలో పనిచేసి, 1881లో ఒపెరా హౌస్ భవనం కింది భాగంలో మగవాళ్లకు, మగపిల్లలకు బట్టలమ్మే సొంత దుకాణం తెరిచాడు. నిలదొక్కుకున్నాక, చట్టప్రకారం కట్టనవసరం లేని ఆ పాత అప్పులన్నీ వడ్డీతో సహా తీర్చేశాడు. ఊళ్లో అతని మాట మీద గురి కుదరడానికి ఏ ప్రకటనా ఇంత పని చేసి ఉండదు. సరుకు మీద ధర రాసి పెట్టడం, బేరం లేకపోవడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద దుకాణాలన్నీ పట్టుకున్న పద్ధతులే. హడ్సన్స్ వాటిలో మూడోదాన్ని చాలా దూరం తీసుకెళ్లింది. వెనక్కి తెచ్చిన సరుకును ప్రశ్నలు వేయకుండా తీసుకుంటారని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

అతను పెళ్లి చేసుకోలేదు. వ్యాపారం మేనల్లుళ్లకు, అంటే వెబర్ సోదరులకు వెళ్లింది. ఒక మేనకోడలి భర్త రాస్కో జాక్సన్ కార్ల వ్యాపారంలో దిగినప్పుడు పెట్టుబడి పెట్టింది కూడా హడ్సనే. అలా 1909లో పుట్టిన కార్ల కంపెనీకి హడ్సన్ పేరే పెట్టారు. ఇంకో మేనకోడలు ఎలినార్ క్లే 1916లో హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్‌ని పెళ్లి చేసుకుంది. డెట్రాయిట్‌లో బట్టల డబ్బు, కార్ల డబ్బు ఒకే ఇళ్లలో తిరిగేవని చెప్పడానికే ఈ చుట్టరికాలన్నీ చెప్తున్నాను. కార్లు పెరిగితే దుకాణానికి దెబ్బ తగులుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. కార్ల ఫ్యాక్టరీల జీతాలతోనే ఆ దుకాణం పెరిగింది.

పెరగడం ఎలా పెరిగిందంటే, 1911 నుంచి 1946 దాకా పక్కనున్న స్థలాలు ఒక్కొక్కటే కొంటూ, భవనానికి భవనం అతికిస్తూ, చివరికి మొత్తం బ్లాకు ఆక్రమించింది. హడ్సన్ 1912లోనే చనిపోయాడు కాబట్టి ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం వెబర్ల కాలంలోనే జరిగింది. మంచి రోజుల్లో అక్కడ 12,000 మంది దాకా పనిచేసేవాళ్లు. రద్దీ రోజుల్లో లక్ష మంది కొనుగోలుదారులు వచ్చేవాళ్లు. జనాన్ని పైకి, కిందికి తీసుకెళ్లే లిఫ్టులే 50 దాకా ఉండేవి, వాటిని నడపడానికి మనుషులుండేవాళ్లు. 12వ అంతస్తులో బొమ్మలు, 13వ అంతస్తులో భోజనశాలలు. అక్కడ వడ్డించిన మారిస్ సలాడ్‌ని మిషిగన్ పెద్దవాళ్లు ఇప్పటికీ ఇళ్లలో చేసుకుంటారు. సన్నగా తరిగిన హామ్, టర్కీ, స్విస్ చీజ్, ఊరబెట్టిన కీరా ముక్కలు, పైన మయోనైజ్ డ్రెసింగ్. కింద బేస్‌మెంట్‌లో చవక సరుకుల దుకాణం వేరే. కాబట్టి ఫ్యాక్టరీ కూలీ భార్య, మేనేజరు భార్య ఒకే తలుపు లోంచి లోపలికి వచ్చి, ఒకరు కిందికి, ఒకరు పైకి వెళ్లేవాళ్లు.

మన ఊళ్లలో నాలుగైదు అంతస్తుల బట్టల షాపింగ్ మాల్‌కి ఇంటిల్లిపాదీ కలిసి పెళ్లి బట్టలకు వెళ్తారు కదా, అలాంటి దానికి ఫర్నిచర్, పుస్తకాలు, పియానోలు, బ్యూటీ పార్లర్, హోటలు అన్నీ కలిపి ఓ పదింతలు పెంచి ఊహించుకుంటే హడ్సన్స్ అందుతుంది. ఊరికి దానికి ఉన్న బంధం కూడా కొనడం దగ్గరే ఆగలేదు. 1924లో థాంక్స్‌గివింగ్ పండగ ఊరేగింపు మొదలుపెట్టింది హడ్సన్స్. అర్ధ శతాబ్దానికి పైగా దాన్ని సొంత ఖర్చుతో నడిపింది. పండగ రోజుల్లో భవనం ముందు భాగాన్ని దాదాపుగా కప్పేసే జెండా వేలాడదీసేవాళ్లు. 1949లో చేయించింది 235 అడుగుల పొడవు, 104 అడుగుల వెడల్పు.

ఈ వైభవానికి ఒక లెక్క ఉంది. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో అన్ని విభాగాలూ లాభం తేవు. భోజనశాల, ఉచిత డెలివరీ, ఊరేగింపు, కోరినట్టు తిరిగి తీసుకోవడం, ఇవన్నీ ఖర్చులే. బట్టలు, ఫర్నిచర్, నగల మీద వచ్చే లాభం వాటిని మోసేది. సలాడ్ తినడానికి వచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ చీకట్లో లైట్లు వెలిగే కిటికీల్లో కోటు చూసి కొంటుందన్నది నమ్మకం. ఇది పని చేయాలంటే రోజూ వేలమంది ఆ దారిన పోతూ ఉండాలి. డెట్రాయిట్ ట్రామ్ లైన్లన్నీ డౌన్‌టౌన్‌లో కలిసేవి కాబట్టి పోయేవాళ్లు. ఇటువైపు ఖర్చుల్లో చాలా భాగం జనం వచ్చినా రాకపోయినా తగ్గనివి. 22 లక్షల చదరపు అడుగులకు వేడి పెట్టాలి, దీపాలు వెలగాలి, లిఫ్టులు తిరగాలి. జనంలో ఐదో వంతు తగ్గితే ఖర్చు ఐదో వంతు తగ్గదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తర్వాత జరిగింది చాలావరకు అర్థమవుతుంది.

జ్ఞాపకాల్లో అందరిదీ అని చెప్పే ఈ దుకాణం అందరితో ఒకేలా మెలగలేదు. నల్లజాతి వాళ్లకు అక్కడ చాలా కాలం దొరికినవి లిఫ్టు నడిపే ఉద్యోగాలు, సరుకు మోసే ఉద్యోగాలు, వంటింటి పనులు. కౌంటర్ వెనక నిలబడి అమ్మే ఉద్యోగాలు ఎంతో ఒత్తిడి తర్వాత, ఆలస్యంగా వచ్చాయి. అమెరికా డౌన్‌టౌన్ దుకాణాలన్నిటి కథా ఇదే అని సర్దిచెప్పుకోవచ్చు కానీ, తర్వాత ఆ ఊళ్లో ఎక్కువమంది నల్లజాతి వాళ్లే అయినప్పుడు ఈ సంగతి లెక్కలోకి వస్తుంది. దుకాణం తమది అని వాళ్లు అనుకోవడానికి కంపెనీ అప్పటిదాకా పెద్దగా ఏమీ చేసి ఉండలేదు.

ఇక ఇళ్ల సంగతి. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి ఇరుసు ఇదే. 1934లో అమెరికా ప్రభుత్వం ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పెట్టింది. అది తానుగా అప్పులివ్వదు. బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పుకు హామీ ఉంటుంది. హామీ ఉంటే బ్యాంకు తక్కువ ముందస్తు డబ్బుతో, ఎక్కువ ఏళ్లకు అప్పిస్తుంది. మామూలు జీతగాడు ఇల్లు కొనగలిగేది అప్పుడే. కానీ ఏ పేటకు హామీ ఇవ్వాలో తేల్చే నియమాల్లో నల్లజాతి వాళ్లు ఉండడాన్నే నష్టభయంగా రాశారు. నల్లజాతి వాళ్లున్న పేటలకు, వాళ్లకు దగ్గరగా ఉన్న పేటలకు హామీ దొరకడం కష్టమైంది. డెట్రాయిట్‌లో ఇది కంటికి కనిపించే రూపంలో ఉంది. 1941లో, ఊరికి ఉత్తరపు హద్దైన ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక బిల్డర్ తెల్లవాళ్ల కోసం ఇళ్లు కట్టబోతే, పక్కనే నల్లజాతి పేట ఉందని హామీ రాలేదు. రెండు పేటల మధ్య అర మైలు పొడవున, ఆరడుగుల ఎత్తు కాంక్రీటు గోడ కట్టాక హామీ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఇళ్ల పత్రాల్లో నల్లవాళ్లకు అమ్మకూడదని రాసుకునే ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఆ తీర్పులో కలిపి విన్న కేసుల్లో ఒకటి డెట్రాయిట్ నుంచే వెళ్లింది. అయితే అప్పటికే కొత్త శివార్లు ఎవరి కోసం లేస్తున్నాయో తేలిపోయింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన తెల్లజాతి సైనికుడికి శివారులో కొత్త ఇల్లు, తక్కువ వాయిదా. అదే యుద్ధం నుంచి వచ్చిన నల్లజాతి సైనికుడికి డెట్రాయిట్ లోపలే, పాతబడిన, కిక్కిరిసిన పేటలో అద్దె ఇల్లు. ఇది జనం ఇష్టాయిష్టాలతోనే జరిగిందని చెప్పడం సరికాదు. ప్రభుత్వం వెనక ఉండి ఒకరికి రోడ్డు వేసింది, మరొకరికి మూసేసింది.

రోడ్డు అన్నది ఇక్కడ ఊరికే అన్న మాట కాదు. ఫ్రీవేలు ఊరి మధ్యలోంచి కోసుకుంటూ వెళ్లాయి. నల్లజాతి వ్యాపారాలకు, సంగీతానికి గుండెకాయ లాంటి హేస్టింగ్స్ స్ట్రీట్ క్రైస్లర్ ఫ్రీవే కింద పోయింది. లాడ్జ్ ఫ్రీవే డౌన్‌టౌన్ నుంచి వాయవ్యంగా వెళ్లి నార్త్‌లాండ్ పక్కకు చేరింది. 1956 ఏప్రిల్‌లో వుడ్‌వర్డ్ మీద చివరి ట్రామ్ నడిచింది. పనికొచ్చే బళ్లు మెక్సికో సిటీకి అమ్మేశారు. ట్రామ్‌లన్నీ డౌన్‌టౌన్‌లో కలిసేవి కాబట్టి హడ్సన్స్ దగ్గర జనం పోగయ్యేవాళ్లు అన్నాను కదా. ఆ కూడలి పోయింది.

ఫ్యాక్టరీలు కూడా అప్పుడే కదిలాయి. 1947 నుంచి 1963 లోపల డెట్రాయిట్ నగరం 1,34,000 దాకా ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోగొట్టుకుంది. కొత్త పద్ధతి ఫ్యాక్టరీలకు ఒకే అంతస్తు, విశాలమైన స్థలం కావాలి. అవి శివార్లలో దొరికాయి. హడ్సన్ పెట్టుబడితో మొదలైన కార్ల కంపెనీ కూడా 1954లో నాష్‌తో కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాక, డెట్రాయిట్‌లో తయారీ ఆపి విస్కాన్సిన్‌లోని కెనోషాకు వెళ్లిపోయింది. జనాభా లెక్కలు చూస్తే, 1950లో డెట్రాయిట్‌లో 18.5 లక్షల మంది ఉన్నారు. 1960 నాటికి 16.7 లక్షలు. 1967 ఇంకా రాకముందే ఊరు లక్షా 80 వేల మందిని పోగొట్టుకుంది.

హడ్సన్స్‌ని నడిపే ఆస్కర్ వెబర్‌కి ఈ కదలిక ముందే తెలిసింది. డెలివరీ బళ్లు ఏ వీధులకు వెళ్తున్నాయో, కొత్త ఖాతాలు ఏ చిరునామాల మీద తెరుస్తున్నారో దుకాణానికి రోజూ కనిపించేదే. వియన్నా నుంచి నాజీలను తప్పించుకుని వచ్చిన వాస్తుశిల్పి విక్టర్ గ్రుయెన్ 1940ల చివర్లో డెట్రాయిట్ వచ్చి, శివారులో ఒక చిన్న శాఖ పెట్టడం కంటే షాపింగ్ సెంటర్లే కట్టుకోమని వెబర్‌ని ఒప్పించాడు. ఊరి చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కట్టాలన్నది ఆలోచన. ముందు ఈస్ట్‌లాండ్ అనుకున్నారు. కొరియా యుద్ధంతో ఆలస్యమై, నార్త్‌లాండ్ ముందు పూర్తయింది. సౌత్‌ఫీల్డ్‌లో, డెట్రాయిట్ హద్దు దాటగానే, 1954 మార్చి 22న తెరిచారు. 1957లో ఈస్ట్‌లాండ్, 1965లో వెస్ట్‌లాండ్, 1970లో సౌత్‌లాండ్. వెస్ట్‌లాండ్ చుట్టుపక్కల ప్రాంతం 1966లో నగరంగా మారినప్పుడు మాల్ పేరునే ఊరికి పెట్టుకుంది. ఊరికి మాల్ పేరు పెట్టారంటే ఆ మాల్‌కి ఎంత బలం వచ్చిందో వేరే చెప్పాలా!

మొదట్లో నార్త్‌లాండ్‌కి పైకప్పు లేదు. మధ్యలో హడ్సన్స్, చుట్టూ చిన్న దుకాణాలు, వాటి మధ్య చెట్లు, శిల్పాలు, కూర్చునే చోట్లు, బయట వేల కార్లు నిలిపే స్థలం. గ్రుయెన్ దాన్ని శివారు జనానికి ఒక ఊరి నడిబొడ్డు లాగా ఊహించాడు. తర్వాత అమెరికా అంతటా లేచిన మాల్స్‌ని చూసి, అవి తన పిల్లలు కావని చివరి రోజుల్లో దులిపేసుకున్నాడు. కంపెనీ లెక్క వేరు. స్థలం హడ్సన్స్‌ది. పక్క దుకాణాలు కట్టే అద్దె హడ్సన్స్‌కి వస్తుంది. చుట్టూ వందల ఎకరాలు ముందే కొనేసుకుంది కాబట్టి పోటీదారు వచ్చి పక్కన కూర్చోలేడు. డౌన్‌టౌన్‌లో అయితే కెర్న్స్, క్రౌలీస్ దుకాణాలు కూతవేటు దూరంలోనే ఉండేవి. శివారులో హడ్సన్స్ దుకాణదారూ అయింది, భూస్వామీ అయింది. యజమాని తన దుకాణానికి తానే పోటీ ఎందుకు పెట్టాడన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. వెళ్లిపోతున్న కొనుగోలుదారులను వేరేవాళ్లు పట్టుకునేలోపు తానే పట్టుకోవాలని. వ్యాపారంగా అది తెలివైన పనే. వెబర్ స్థానంలో కూర్చుని ఇంకేం చేసేవాళ్లమని ఆలోచిస్తే నాకూ వేరే దారి తోచదు.

ఊరి లెక్కలో మాత్రం ఫలితం వేరుగా తేలింది. నార్త్‌లాండ్ ఆస్తిపన్ను సౌత్‌ఫీల్డ్‌కి వెళ్లింది. ఎయిట్ మైల్ రోడ్డుకి అవతల జరిగిన అమ్మకం డెట్రాయిట్ స్కూళ్లకు, రోడ్లకు ఏమీ తేలేదు. కెర్న్స్ 1959లోనే మూతపడింది. క్రౌలీస్ డౌన్‌టౌన్ దుకాణం 1977లో పోయింది. పక్క దుకాణాలు పోతే హడ్సన్స్‌కి మేలని అనుకుంటాం. కానీ డౌన్‌టౌన్‌కి జనం ఒక్క దుకాణం కోసం రారు, నాలుగు చూడవచ్చని వస్తారు.

మాల్స్ ఇంత వేగంగా ఎందుకు లేచాయన్నదానికి పన్ను చట్టం కూడా ఒక కారణం. 1954 ఆగస్టులో అమెరికా ఆదాయపన్ను చట్టం మార్చి, కొత్త వాణిజ్య భవనాల తరుగుదలను మొదటి ఏళ్లలోనే ఎక్కువగా చూపించుకునే వీలిచ్చింది. అంటే భవనం నిజంగా డబ్బు తెస్తున్నా, కాగితం మీద నష్టం చూపి పన్ను తగ్గించుకోవచ్చు. పాత భవనాన్ని బాగుచేసుకునేవాడికి అంత లాభం లేదు, పొలంలో కొత్తది కట్టేవాడికి ఉంది. నార్త్‌లాండ్ ఆ చట్టానికి నెలల ముందే తెరిచారు కాబట్టి దాని పుట్టుకకు ఈ చట్టం కారణం కాదు. దేశమంతా డౌన్‌టౌన్ దుకాణాల మీద తర్వాత పడ్డ వరదకు మాత్రం ఇదో పెద్ద గేటు.

1962లో మరో దెబ్బ మొదలైంది. డెట్రాయిట్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న క్రెస్గీ కంపెనీ ఆ మార్చిలో, గార్డెన్ సిటీ అనే శివారులో మొదటి కేమార్ట్ తెరిచింది. మే 1న మినియాపొలిస్‌కి చెందిన డేటన్ కంపెనీ మొదటి టార్గెట్ తెరిచింది. జులైలో ఆర్కాన్సాలో మొదటి వాల్‌మార్ట్. ఒకే అంతస్తు, ఎవరి బుట్ట వాళ్లు తోసుకోవడం, చివర్లో బిల్లు కట్టడం. వడ్డించేవాళ్లు లేరు, లిఫ్టు నడిపేవాళ్లు లేరు, ఊరేగింపులు లేవు. ఇందాక చెప్పిన హడ్సన్స్ లెక్కలో లాభం తెచ్చే భాగాన్ని ఇవి చవగ్గా ఎత్తుకుపోయాయి. ఖర్చుల భాగం హడ్సన్స్‌కి మిగిలింది.

1967 జులై 23న పోలీసులు ఒక అనుమతి లేని మద్యం క్లబ్బు మీద దాడి చేయడంతో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు. దాన్ని తిరుగుబాటు అని పిలిచేవాళ్లూ ఉన్నారు. పోలీసుల తీరు, ఇళ్ల కొరత, పోయిన ఉద్యోగాలు, ఇవన్నీ చూస్తే ఆ మాట నాకూ తప్పనిపించదు. దాని తర్వాత తెల్లజాతి వాళ్లు వెళ్లిపోవడం ఒక్కసారిగా ఊపందుకుంది. హడ్సన్ వంశంలోని జోసెఫ్ హడ్సన్ జూనియర్ ఊరిని మళ్లీ నిలబెట్టడానికి ఏర్పాటు చేసిన న్యూ డెట్రాయిట్ కమిటీకి అధ్యక్షత వహించాడు. మనస్ఫూర్తిగానే పనిచేశాడనుకుంటాను. కానీ అప్పటికే తమ కంపెనీ డబ్బు చాలావరకు ఎయిట్ మైల్ రోడ్డుకి అవతల ఉంది.

రెండేళ్లకు, 1969లో, హడ్సన్స్ వెళ్లి డేటన్‌తో కలిసింది. కొత్త పేరు డేటన్ హడ్సన్ కార్పొరేషన్, ప్రధాన కార్యాలయం మినియాపొలిస్. డేటన్ అప్పటికే షేర్లు బజార్లో పెట్టిన కంపెనీ. చాలామంది ఈ కలయికను ఒక వాక్యంలో దాటేస్తారు. నా లెక్కలో డౌన్‌టౌన్ దుకాణం తలరాత ఇక్కడే మారింది. వెబర్లకు ఆ భవనం కుటుంబం పేరు. నష్టం వచ్చినా కొన్నేళ్లు మోసే కారణం వాళ్లకు ఉంది. మినియాపొలిస్‌లో అది చాలా దుకాణాల పట్టికలో ఒక వరస మాత్రమే. పైగా 1970ల నడిమికి ఆ కంపెనీకి ఎక్కువ రాబడి తెచ్చేది టార్గెట్. పెట్టుబడి పెట్టడానికి డాలరు ఉంటే దాన్ని కొత్త టార్గెట్‌లో పెట్టడమా, డౌన్‌టౌన్‌లో పాత లిఫ్టులు మార్చడమా అన్నప్పుడు ఏ వైపు మొగ్గుతారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత వెనక్కి తగ్గడమే. పై అంతస్తులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు. పెద్ద జెండా చివరిసారి 1976లో ఎగిరింది, తర్వాత స్మిత్సోనియన్ మ్యూజియంకి ఇచ్చేశారు. ఊరేగింపు బాధ్యత 1979లో వదులుకున్నారు. ఊళ్లోవాళ్లు పూనుకుని దాన్ని నిలబెట్టారు, ఇప్పటికీ ఏటా జరుగుతోంది. 1980లో డెట్రాయిట్ జనాభా 12 లక్షలకు పడిపోయింది, అందులో 63 శాతం నల్లజాతి వాళ్లు. 12 లక్షలంటే చిన్న ఊరేమీ కాదు. సరైన సైజులో, ఆ ఊళ్లో మిగిలిన వాళ్ల కోసం నడిచే ఒక దుకాణానికి చోటు ఉండేదని నేను గట్టిగా అనుకుంటాను. కానీ కంపెనీ ఆలోచనలో కొనుగోలుదారు అంటే శివారు మనిషే అయి చాలా ఏళ్లయింది.

మూసేశాక భవనం చేతులు మారింది, పాడుపడింది, రాగి తీగల కోసం దొంగలు దూరారు. 1998 అక్టోబరు 24న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. అప్పటికి అలా కూల్చిన ఉక్కు కట్టడాల్లో అదే ఎత్తైనది. శిథిలాలు పడి పక్కనున్న పీపుల్ మూవర్ రైలు దారి దెబ్బతిని, చాలా నెలలు నడవలేదు. 

పేరు కథ ఇంకొంచెం సాగింది. 2000లో డేటన్ హడ్సన్ తన పేరు టార్గెట్ కార్పొరేషన్ అని మార్చుకుంది. 2001లో మాల్స్‌లో మిగిలిన హడ్సన్స్ దుకాణాలకు షికాగో పేరైన మార్షల్ ఫీల్డ్స్ అని బోర్డులు పెట్టారు. 2004లో వాటిని మే కంపెనీకి అమ్మేశారు. దాన్ని మరుసటి ఏడు మేసీస్ యజమాని కొనుక్కుంది. 2006 సెప్టెంబరులో బోర్డుల మీద మేసీస్ వచ్చింది. హడ్సన్స్ వెళ్లి కూర్చున్న మాల్స్ కూడా అన్నీ నిలవలేదు. నార్త్‌లాండ్ 2015లో మూతపడింది. ఈస్ట్‌లాండ్‌ని కూల్చేసి గోదాములు కట్టారు. ఒక చోట కొత్తది కట్టడం పాతదాన్ని బాగుచేయడం కంటే లాభమైనప్పుడు, ఆ కొత్తదానికి కూడా ఎప్పుడో అదే గతి పడుతుంది.

మిషిగన్‌లోని తెలుగువాళ్లకు ఈ భౌగోళికం కొత్త కాదు. 1965 వలస చట్టం తర్వాత డాక్టర్లుగా, ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ ఇంజినీర్లుగా వచ్చినవాళ్లు, తర్వాత ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఎక్కువగా ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్, నోవైలలో స్థిరపడ్డారు. మంచి స్కూళ్లు, కొత్త ఇళ్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ స్కూళ్లు, ఇళ్లు అక్కడెందుకున్నాయో నిర్ణయమైంది మాత్రం వాళ్లు రాకముందు. నోవైలో చాలామంది వారాంతాల్లో తిరిగే ట్వెల్వ్ ఓక్స్ మాల్ 1977లో తెరిచారు. అందులో ఇప్పుడు మేసీస్‌గా ఉన్నది మొదట్లో హడ్సన్స్. డౌన్‌టౌన్‌లో పై అంతస్తులు మూస్తున్న ఏళ్లలోనే ఇక్కడ ఇది తెరిచారు. తానా మహాసభలు 2015లో డెట్రాయిట్ డౌన్‌టౌన్ కోబో సెంటర్‌లో జరిగాయి, 2025లో నోవైలో జరిగాయి.

హడ్సన్స్ ఉన్న స్థలంలో 2017 డిసెంబరులో మళ్లీ పునాది తవ్వారు. డెట్రాయిట్ వ్యాపారవేత్త డాన్ గిల్బర్ట్‌కి చెందిన బెడ్‌రాక్ సంస్థ అక్కడ రెండు భవనాలు కట్టింది. ఒకటి 680 అడుగుల టవర్. మొత్తానికి పేరు హడ్సన్స్ డెట్రాయిట్. జనరల్ మోటార్స్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మారుస్తున్నట్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇందులోనూ ప్రభుత్వం చేయి ఉంది. బెడ్‌రాక్ డౌన్‌టౌన్‌లో తలపెట్టిన నాలుగు పనులకు కలిపి 61.8 కోట్ల డాలర్ల దాకా పన్ను ప్రోత్సాహకాలను రాష్ట్రం 2018లో ఆమోదించింది. ఒక్క హడ్సన్స్ స్థలానికే పదేళ్లలో 6 కోట్ల డాలర్ల పన్ను మినహాయింపును నగర కౌన్సిల్ 2022లో ఇచ్చింది. ఆ డబ్బు స్కూళ్లకు, లైబ్రరీలకు రావాల్సిందని అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. ఇది లేకపోతే ఆ ఖాళీ స్థలం ఇంకో ఇరవై ఏళ్లు అలాగే ఉండేదని సమర్థించినవాళ్లున్నారు. 1954లో ఫెడరల్ ప్రభుత్వం పొలాల్లో మాల్స్‌కి ఇచ్చిన రాయితీని గుర్తుపెట్టుకుంటే, డౌన్‌టౌన్‌కి ఇప్పుడిచ్చేది వింతగా తోచదు. ఎంత ఇచ్చారు, ఊళ్లో ఉండేవాళ్లకు తిరిగి ఏమొచ్చిందన్నది మాత్రం గట్టిగా అడగాల్సిన ప్రశ్నే.

ఇందులో డబ్బు కంటే కూడా నాకు ముఖ్యంగా కనిపించేది రాకపోకలు. 25 అంతస్తుల దుకాణాన్ని నిలబెట్టింది ట్రామ్‌ల కూడలి. అది పోయాక డెట్రాయిట్ ప్రాంతంలో దానికి సాటి వచ్చేది ఏదీ రాలేదు. ప్రాంతీయ బస్సు సంస్థ స్మార్ట్‌కి పన్ను కట్టకుండా శివారు ఊళ్లు తప్పుకునే వీలుండేది. తప్పుకున్నవాటిలో నోవై కూడా ఒకటి. 2022 నవంబరులో, నోవై ఉన్న ఓక్లండ్ కౌంటీ ఓటర్లు కౌంటీ అంతటికీ వర్తించే బస్సు పన్నును ఆమోదించాకే అక్కడ ఆ వీలు పోయింది, స్మార్ట్ బస్సులు నోవైకి రావడం మొదలైంది. డెట్రాయిట్‌లో కారు లేని మనిషి శివారు మాల్‌లో ఉద్యోగానికి వెళ్లగలగడం, శివారులోని కుర్రాడు కారు లేకుండా డౌన్‌టౌన్‌కి రాగలగడం ఆ బస్సుల మీదే ఆధారపడి ఉంది. ఆ పన్ను గడువు తీరి మళ్లీ ఓటుకి వచ్చినప్పుడు అక్కడి తెలుగు ఓటర్లు బ్యాలెట్‌లో ఆ అంశం దాకా వెళ్లి, అవునని ఓటేయాలని నా కోరిక.